వేలితో రంగు, రబ్బరుతో బొమ్మ: పాస్టెల్ పొడి చిత్రాల సంగతి

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన పాఠం. బల్ల దగ్గర చేసి చూపిస్తూ చెప్పిన మాటలు కాబట్టి ‘ఇదిగో’, ‘ఇలా’ అన్నవి చాలాచోట్ల అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కొంచెం ముందుకి రండి, కాగితం చిన్నది, అక్కడినుంచి కనిపించదు. ఇంకోమాట. ఆ ఫ్యాను ఎవరైనా ఆపండి. ఉక్కపోస్తుంది, తెలుసు. కానీ ఫ్యాను తిరుగుతుంటే ఈ పని జరగదు. ఎందుకో కాసేపట్లో మీకే అర్థమవుతుంది.

ముందు ఈ బల్ల చూడండి. టీ వడగట్టే జాలీ. కట్టర్ బ్లేడు. దూది. చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు. మూడు రకాల రబ్బర్లు. తెల్ల కాగితం ముక్కలు, ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ. రంగు పుల్లలు ఓ పన్నెండు. మరి కుంచె ఏది? ఇదిగో, ఒకటుంది. అయితే ఇది రంగు వెయ్యడానికి కాదు, రబ్బరు పొట్టు దులపడానికి.

పాస్టెల్ పుల్లల్ని, అంటే సుద్దముక్కల్లాంటి రంగు పుల్లల్ని, పొడి చేసి, ఆ పొడిని వేలితో కాగితం మీద అలమడం, తర్వాత రబ్బరుతో తుడిచి వెలుగు తెప్పించడం. పనంతా ఇదే. ఈ పద్ధతికి ఇప్పుడున్న రూపం జపాన్‌లో వచ్చింది. 2003లో హోసోయా నోరికత్సు అనే ఆయన మొదలుపెట్టారు, పాస్టెల్ నాగోమీ ఆర్ట్ అంటారు. అక్కణ్ణుంచి హాంకాంగ్, తైవాన్, సింగపూర్ వైపు బాగా పాకింది. పాస్టెల్ మాత్రం కొత్తదేం కాదు. వెనిస్ నగరానికి చెందిన రోసాల్బా కరియేరా అనే చిత్రకారిణి 1720లో పారిస్ వెళ్ళేనాటికే పాస్టెల్ పటాలతో పేరు మోసింది. వేలితో అలమడం కూడా పాతదే. అయితే వాళ్ళు ముందు పుల్లతో గీసి, ఆ గీతను వేలితో మెత్తన చేసేవాళ్ళు. ఇక్కడ పుల్ల కాగితాన్ని దాదాపు తాకదు. పొడే తాకుతుంది. తేడా అంతా అక్కడుంది.

కాగితం ఎంత? 15 సెంటీమీటర్లు పొడవు, 15 వెడల్పు. జపాన్ పద్ధతిలో ఇదే మామూలు కొలత. ఇంత చిన్నది ఎందుకు? మణికట్టు కదలకుండా, మునివేలు తిప్పితే ఎంత మేర అందుతుందో చూసుకోండి. ఈ చదరంలో ఏ మూలకైనా అందుతుంది. చెయ్యి తిప్పనక్కర్లేదు, కాగితాన్నే తిప్పొచ్చు. ఇదే పెద్ద డ్రాయింగ్ షీటు మీద చేస్తే ఆకాశం సగం అలికేసరికి వేలు చెమట పడుతుంది, రంగు ఒక్కలా రాదు. కాబట్టి పెద్ద కాగితం మీద మోజు కొన్నాళ్ళు ఆపుకోండి.

సరే, పుల్లలు. దుకాణానికి వెళ్ళి ‘పాస్టెల్స్ ఇవ్వండి’ అంటే మన దగ్గర నూటికి తొంభైమంది చేతిలో పెట్టేది ఆయిల్ పాస్టెల్. అది పనికిరాదు. అందులో నూనె, మైనం ఉంటాయి, గీకితే పొడి రాదు, ముద్దలు ముద్దలుగా చుట్టుకుంటుంది. పెట్టె మీద ‘సాఫ్ట్ పాస్టెల్’ అని ఉందా లేదా, అది చూడండి. అనుమానముంటే ఒక పుల్ల తీసి గోటితో గీకండి. పొడి రాలితే మనది. గోరుకి జిడ్డుగా అంటుకుంటే పెట్టె మూసి తిరిగి ఇచ్చెయ్యండి.

సాఫ్ట్ పాస్టెల్‌లో ఏముంటుంది? రంగు, సుద్దలాంటి తెల్ల పొడి, వాటిని పట్టి ఉంచడానికి కాస్త జిగురు. జిగురు ఎక్కువైతే పుల్ల గట్టిగా ఉంటుంది, తక్కువైతే మెత్తగా. ఖరీదైన మెత్తటి పుల్లలు ఉంటాయి, చేత్తో పట్టుకుంటేనే విరిగిపోతాయి. బొమ్మ నేరుగా గీసేవాళ్ళకి అవి బంగారం. మన పనికి అంత మెత్తనివి అక్కర్లేదు. అవి జాలీ మీద పెట్టగానే పెళ్ళలుగా ఊడతాయి. కొంచెం గట్టిగా, నలుపలకలుగా ఉండే పుల్లలు దొరుకుతాయి చూడండి, అవి సన్నటి పొడి ఇస్తాయి. కామెల్ సాఫ్ట్ పాస్టెల్స్, ఫేబర్ కాస్టెల్‌వి, కొరియా నుంచి వచ్చే ముంగ్యో, ఇవి మన దగ్గర దొరికేవి, మొదలుపెట్టడానికి ఏదైనా చాలు. ఇరవైనాలుగు రంగుల పెట్టె కొననక్కర్లేదు. నిమ్మపండు పసుపు, ముదురు పసుపు, నారింజ, గులాబి, ఎరుపు, లేత నీలం, ముదురు నీలం, ఊదా, లేత ఆకుపచ్చ, ముదురు ఆకుపచ్చ, గోధుమ, నలుపు. పన్నెండు. తెలుపు చెప్పలేదు, గమనించారా? కావాలనే చెప్పలేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

చాలామంది అడిగే ప్రశ్న: ‘ఇంట్లో రంగుల ముగ్గు ఉందండీ, సంక్రాంతికి కొన్నది, అది వాడొచ్చా?’ వాడకూడదు. ముగ్గు రంగులో పలుకు పెద్దది. నేలమీద పోస్తే నిలబడాలి కాబట్టి అలాగే ఉండాలి. కాగితం మీద అది పట్టుకోదు, రుద్దితే గీరుకుపోతుంది. స్కూల్లో వాడే బోర్డు చాక్‌పీసు? అందులో రంగు తక్కువ, తెల్ల పొడి ఎక్కువ. ఎంత రుద్దినా వెలిసిపోయినట్టే కనిపిస్తుంది. చెయ్యి తిరగడానికి సాధన చేసుకోండి, తప్పులేదు. బొమ్మకి మాత్రం వద్దు.

కాగితం. ఇది అందరూ తేలిగ్గా తీసుకుంటారు, అందుకే కాసేపు ఆగుదాం. పాస్టెల్ వేసేవాళ్ళు మామూలుగా గరుకు కాగితం వాడతారు, నిజమే. ఆ గరుకులో పుల్ల అరిగి రంగు నిలుస్తుంది. మనకి గరుకు వద్దు. పొడిని గరుకు కాగితం మీద అలిమితే ఏమవుతుంది? గుంటల్లో పడినది గుంటల్లోనే ఉంటుంది, మిట్టల మీద వేలు తుడిచేస్తుంది. ఆకాశమంతా చుక్కలు చుక్కలు. పోనీ బాగా నున్నటి ఆర్ట్ పేపరు, పెళ్ళి శుభలేఖల్లాంటిది? దాని మీద పొడి నిలవనే నిలవదు, జారిపోతుంది. కావలసింది ఈ రెంటికీ మధ్యది. నున్నగా ఉండాలి, కానీ మెరవకూడదు. జపాన్‌లో కెంట్ పేపరు వాడతారు. మనకి బ్రిస్టల్ షీటు, ఐవరీ షీటు, లేదంటే మంచి కార్ట్రిడ్జ్ షీటు దొరుకుతాయి. బరువు 180 నుంచి 220 జీఎస్ఎం ఉండాలి, అంటే చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగాలి. జెరాక్సు కాగితం 70, 80 జీఎస్ఎం. రబ్బరు పెట్టగానే ముడత పడుతుంది, రెండోసారి పెడితే నారలు లేస్తాయి. నారలు లేచినచోట రంగు వేస్తే ముదురు మచ్చే, ఇక అది పోదు.

వర్షాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్ళలో కాగితం తేమ పీలుస్తుంది. చేతికి తెలియదు, పొడికి తెలుస్తుంది. అలుముతుంటే సాగకుండా ఒక్కచోటే అతుక్కుంటుంది. షీట్లు ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బీరువాలో పెట్టుకోండి. వాడే ముందే బయటికి తియ్యండి.

ఇప్పుడు పొడి. రెండు దారులు. ఒకటి బ్లేడు. ఇదిగో, పుల్ల ఇలా పట్టుకుని, బ్లేడు దానికి నిటారుగా పెట్టి, నెమ్మదిగా కిందికి గీకాలి. నిటారుగా. మళ్ళీ చెప్తాను, నిటారుగా. బ్లేడు వాలిస్తే అది గీకదు, చెక్కుతుంది. పెచ్చులు రాలతాయి. పెచ్చు రాలితే ఏమవుతుందో ఇప్పుడే చూపిస్తాను. కనిపిస్తోందా, ఆవగింజంత కూడా లేదు. దీనిమీద వేలు పెట్టి రుద్దుతున్నాను... చూశారా, ముదురు చార. ఆ పెచ్చులో ఉన్న రంగంతా ఒకే గీత మీద పడింది. ఈ చార రబ్బరుతో కూడా పూర్తిగా పోదు.

రెండో దారి జాలీ. స్టీలు తీగ జాలీ, కన్నాలు బాగా సన్నగా ఉన్నది. ప్లాస్టిక్ జాలీ సాగుతుంది, వద్దు. పుల్లని జాలీ లోపల పెట్టి గుండ్రంగా, బరువు వెయ్యకుండా రుద్దండి. పొడి ఒకేలా దిగుతుంది. మొదటిసారి చేసేవాళ్ళకి బ్లేడు కంటే జాలీయే మంచిది, పిల్లలకైతే జాలీయే. ఒక్క జాగ్రత్త: రంగు మార్చినప్పుడల్లా జాలీని బోర్లించి తట్టి, పొడిగుడ్డతో తుడవాలి. కడిగితే పూర్తిగా ఆరేదాకా వాడొద్దు. ముదురు నీలం తర్వాత తుడవకుండా పసుపు రుద్దితే అది పసుపు కాదు, ఆకుపచ్చ.

పొడి ఎక్కడ వెయ్యాలి? బొమ్మ మీద కాదు. పక్కన వేరే కాగితం ముక్క మీద వెయ్యండి. అక్కణ్ణుంచి వేలికి అద్దుకుని బొమ్మ దగ్గరికి తీసుకురండి. చాలామంది నేరుగా బొమ్మ మీద జల్లుతారు, చూడ్డానికి బాగుంటుంది, వీడియోల్లో ఎక్కువగా అలాగే కనిపిస్తుంది. కానీ ఎంత పడిందో మన చేతిలో ఉండదు.

ఎంత పొడి కావాలి? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడగాల్సింది ఇదే. 15 సెంటీమీటర్ల చదరం నిండా ఒక రంగు పల్చగా పరవడానికి చిటికెడు కూడా అక్కర్లేదు, చిటికెడులో సగం చాలు. జాలీ మీద నాలుగైదు సార్లు రుద్దితే వచ్చేది అంతే. చెడిపోయిన బొమ్మలు తీసి చూస్తే ఎక్కువభాగం చెడింది పొడి ఎక్కువై. కాగితం కొంత పొడిని మాత్రమే పట్టుకోగలదు. అది నిండాక ఇంకా వేస్తే పైపొర కింది పొర మీద జారుతుంది, అంతే. పరీక్ష ఉంది: ఒక రంగు అలిమాక కాగితాన్ని నిలబెట్టి వెనక నుంచి వేలితో తట్టండి. పొడి రాలిందా? అయితే ఎక్కువైంది. ఏమీ రాలకపోతే సరిపోయింది. రంగు లేతగా ఉందనిపిస్తే మళ్ళీ ఇంకో పల్చటి పొర. ఒకేసారి ముదురు చెయ్యబోకండి.

రాలిన పొడిని ఊదొద్దు. నోటితో ఊదితే గాలితోపాటు తుంపర పడుతుంది. పాస్టెల్ పొడి మీద ఉమ్మి చుక్క పడితే ఆ మచ్చ జన్మకి పోదు. పైగా ఊదిన పొడి గాల్లోకి లేచి మన ముక్కులోకే వస్తుంది. కాగితాన్ని వంచి తట్టండి. అంతే.

ఇప్పుడు వేలు. వేలికి మించిన పనిముట్టు ఇందులో లేదు, వేలంతగా బొమ్మని పాడుచేసే పనిముట్టూ లేదు. ఏ వేలు వాడతారు మీరు? చూపుడు వేలే కదా? అందరూ అదే చాపుతారు. చూపుడు వేలికి బలం ఎక్కువ, మనకి తెలియకుండానే నొక్కేస్తుంది. పెద్ద మేరలకి, ఆకాశం, నీళ్ళు, అలాంటివాటికి, నడిమి వేలు, ఉంగరపు వేలు కలిపి వాడండి. ఉంగరపు వేలు తనంతట తాను తేలిగ్గా కదులుతుంది. చిన్నచిన్నవాటికి, ఆకు కొస, మబ్బు అంచు, వాటికి చిటికెన వేలు. చూపుడు వేలు ముదురు రంగు కావలసినచోటే.

వేలి కొస కాదు, మెత్త. గోరు కాగితానికి తగలకూడదు, గోరు తగిలితే గీత పడుతుంది, ఆ గీతలో పొడి దిగుతుంది. గోళ్ళు కత్తిరించుకుని కూర్చోండి. కదలిక ఎలా? ముందుకీ వెనక్కీ రుద్దితే చారలు వస్తాయి. చిన్నచిన్న సున్నాలు చుడుతూ జరగాలి. ఇలా... ఇలా... సున్నాలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతూ పోవాలి. చివర్లో మాత్రం, రంగంతా పరచుకున్నాక, ఒక్కసారి ఒకే వైపుకి తేలిగ్గా నిమరండి. ఆకాశమైతే అడ్డంగా, వానైతే నిలువుగా.

ఇక జిడ్డు. చర్మానికి నూనె ఉంటుంది, చెమట ఉంటుంది. అది పొడికి తగిలితే పొడి ముద్దకట్టి, కాగితం నారల్లోకి అతుక్కుపోతుంది. ఆ చోట రంగు ముదురుగా, మెరుస్తున్నట్టు కనిపిస్తుంది. రబ్బరు పెట్టినా రాదు. దీనికి మందు లేదు, రాకుండా చూసుకోవడమే. మొదలుపెట్టే ముందు సబ్బుతో చేతులు కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, తర్వాతే కాగితం ముట్టుకోండి. తలకి నూనె రాసుకున్న రోజు జుట్టు సర్దుకుంటూ బొమ్మ వెయ్యకండి, నవ్వుతున్నారు గాని ఇది నిజం. ముఖం తుడుచుకోవడం, ఫోను ముట్టుకోవడం, ఇవీ అంతే. చేతులు బాగా చెమటపట్టేవాళ్ళు దూది వాడండి. చిన్న ఉండలా చేసి, పోగులు బయటికి రాకుండా మడిచి, ముఖానికి పౌడరు అద్దినట్టు అద్దాలి. దూది వేలికంటే పల్చగా, పొగలా పరుస్తుంది. వేలు మాత్రం రంగుని కాగితంలోకి నొక్కి ముదురు చేస్తుంది. ఆకాశం పైభాగం దూదితో, క్షితిజం దగ్గర వేలితో, ఇలా రెండూ కలిపి వాడుకుంటే ఒక్క రంగులోనే రెండు మూడు చాయలు వస్తాయి.

ఒక్కో రంగుకి ఒక్కో వేలు. పసుపుకి ఇది, గులాబికి ఇది, నీలానికి ఇది. వేళ్ళు అయిపోతే తడిగుడ్డతో తుడుచుకుని, వెంటనే పొడిగుడ్డతో తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టండి. తడి వేలితో మాత్రం ఎప్పుడూ ముట్టుకోవద్దు.

రంగుల వరస చేసి చూపిస్తాను. సాయంకాలపు ఆకాశం, నిండు చందమామ, కింద నీళ్ళు. కాగితం నాలుగు అంచులకీ మాస్కింగ్ టేపు అంటిస్తున్నాను, 5 మిల్లీమీటర్ల మేర. టేపుని ముందు బట్టకి ఒకసారి అంటించి తీసి, జిగురు తగ్గించాకే కాగితానికి పెట్టండి. లేకపోతే తీసేటప్పుడు పైపొర లేచిపోతుంది.

మొదట పసుపు. ఎప్పుడూ లేత రంగే మొదట. క్షితిజం దగ్గర అడ్డంగా ఒక పట్టీ. తర్వాత నారింజ, దాని పైన గులాబి, పసుపు పైకి కొంచెం ఎక్కేలా. ఆ తర్వాత పైనుంచి కిందికి నీలం. ఆగండి, నీలం ఎక్కడిదాకా? గులాబి దాకా మాత్రమే. పసుపుని తాకకూడదు. తాకితే ఏమవుతుంది? ఆకాశం ఆకుపచ్చగా మారుతుంది. గులాబి, నీలం కలిస్తే ఊదా వస్తుంది, అది సాయంకాలానికి అందమే. అంటే గులాబి అక్కడ అందానికే కాదు, కాపలాకి కూడా. అలాగే పసుపు మీద ఊదా వేస్తే బురద. నారింజ మీద నీలం వేస్తే బురద. రంగుల చక్రంలో ఎదురెదురుగా ఉన్నవి కలిస్తే బూడిద రంగు వస్తుందని మీకు తెలిసే ఉంటుంది, పొడిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది, ఎందుకంటే ఇక్కడ పొరలు ఆరవు, వేలు పెట్టిన ప్రతిసారీ కలుస్తూనే ఉంటాయి.

కింద నీళ్ళకి అదే ఆకాశం తలకిందులుగా. పైన వాడిన పొడి మిగిలితే అదే వాడండి, కొత్తది తియ్యొద్దు.

ఇప్పుడు చందమామ. ఇక్కడే తెలుపు సంగతి. చందమామ తెల్లగా ఉండాలని తెల్ల పాస్టెల్ పుల్ల తీసుకుని నీలం మీద గీశారనుకోండి, ఏం వస్తుంది? తెలుపు రాదు. సుద్దరాసినట్టు ఒక లేత నీలం వస్తుంది. ఈ చిత్రంలో అన్నిటికంటే తెల్లనిది కాగితం. ఆ కాగితాన్ని బయటికి తియ్యాలి. అంటే రబ్బరు. రంగు వేలితో వేస్తాం, బొమ్మ మాత్రం రబ్బరుతోనే గీస్తాం. ఈ ఒక్క మాట పట్టుబడితే మిగతాదంతా చెయ్యి అలవాటే.

ఒక అట్టముక్కలో 3 సెంటీమీటర్ల గుండ్రటి కన్నం కోశాను. కోసిన బిళ్ళ కూడా పారెయ్యకండి, రెండూ పనికొస్తాయి. కన్నమున్న అట్టని ఆకాశం మీద పెట్టి, కదలకుండా రెండు వేళ్ళతో నొక్కి పట్టి, లోపల రబ్బరుతో తుడుస్తున్నాను. మధ్య నుంచి అంచుకి కాదు, అంచు నుంచి మధ్యకి. ఎందుకు? అంచుకి తోస్తే పొడి, పొట్టు అట్ట కిందికి దూరతాయి, చందమామ అంచు చెదురుతుంది. అట్ట మీద మొదలుపెట్టి కన్నంలోకి రావాలి. రబ్బరుకీ ఇదే సూత్రం, వేలికీ ఇదే సూత్రం. ఇప్పుడు బిళ్ళ తీసుకుని ఈ తెల్లటి గుండ్రం మీద కప్పి, చుట్టూ పసుపు, కొంచెం గులాబి, బిళ్ళ మీద నుంచి బయటికి చిన్నచిన్నగా లాగుతున్నాను. బిళ్ళ ఎత్తుతున్నాను... వెన్నెల చుట్టు వచ్చింది చూశారా?

రబ్బర్ల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మూడు రకాలు. ఒకటి మామూలు తెల్ల రబ్బరు, పిల్లలు వాడే నాన్ డస్ట్ రబ్బరు చాలు. దాన్ని అలాగే వాడకండి, బ్లేడుతో కోణంగా, త్రికోణపు ముక్కలుగా కొయ్యండి. కోసిన కొత్త అంచే గీత గీస్తుంది. నాలుగు గీతలకి ఆ అంచు మొద్దుబారి, రంగు పట్టేస్తుంది, మళ్ళీ కొయ్యండి. రబ్బరు మిగలాలని చూస్తే బొమ్మ మిగలదు. రెండోది పిండిలా నలిపే రబ్బరు, నీడెడ్ ఎరేజర్ అని అడగండి. అది రుద్దడానికి కాదు, అద్దడానికి. మబ్బుల మీద మెల్లగా అద్ది ఎత్తితే పొడి కొంచెం కొంచెంగా లేస్తుంది, అంచు మెత్తగా ఉంటుంది. మూడోది పెన్నులాంటిది, టాంబో కంపెనీ మోనో జీరో అని, కొస 2.3 మిల్లీమీటర్లు. నీళ్ళ మీద తళుకులు, నక్షత్రాలు, గడ్డిపోచలు దీంతో. ఇసుక కలిపిన సిరా రబ్బరు ఉంటుంది చూడండి, సగం నీలం, సగం గులాబి, అది దగ్గరికి రానివ్వొద్దు. కాగితాన్ని చీల్చేస్తుంది.

గీత ఒక్కసారే, ఒక్క వైపుకే. ముందుకీ వెనక్కీ ఆడిస్తే లేచిన రంగుని మళ్ళీ అక్కడే పూస్తున్నట్టు లెక్క. ఒక గీత గీశారా, రబ్బరు కొస గుడ్డకి తుడిచారా, తర్వాతే ఇంకోటి. పొట్టు చేత్తో దులపొద్దు, కుంచెతో. ఈ ఒక్క కుంచె అందుకే.

ఇక్కడ ఎవరైనా డిప్లొమా, ఇంజనీరింగ్ డ్రాయింగ్ చేసినవాళ్ళున్నారా? మీ దగ్గర స్టీలు ఎరేజింగ్ షీల్డు ఉండే ఉంటుంది, రకరకాల సన్నటి కన్నాలతో పల్చటి రేకు. దాన్ని తీసి దాచుకోండి, వెలుగు కిరణాలకి అంత మంచిది దొరకదు. లేకపోతే రెండు కాగితపు పట్టీలు పక్కపక్కన పెట్టి, మధ్యలో వెంట్రుకవాసి సందు ఉంచి, ఆ సందులో రబ్బరు లాగండి. సందు ఒక చివర సన్నగా, ఇంకో చివర వెడల్పుగా పెడితే కిరణం విచ్చుకున్నట్టు వస్తుంది. తర్వాత ఆ అంచు మీద వేలితో ఒక్కసారి నిమిరితే గీతలా కాక వెలుగులా కనిపిస్తుంది. ఒక్కసారే. రెండోసారి నిమిరితే మాయమవుతుంది.

కొన్ని రంగులు రబ్బరుకి లొంగవు. ముదురు నీలం, ముదురు ఆకుపచ్చల్లో థాలో అనే రంగు వాడతారు, దాని రేణువులు మరీ సన్నవి, నారల్లోకి దిగి కూర్చుంటాయి. అక్కడ తెలుపు తెప్పించాలంటే పూర్తిగా రాదు. ముందే తెలిస్తే ఏం చేస్తాం? చందమామ బిళ్ళని మొదటే అంటించి, చుట్టూ రంగు వేస్తాం. కొత్త పెట్టె కొన్నరోజే ప్రతి రంగునీ ఒక కాగితం మీద అలిమి, మధ్యలో రబ్బరు గీత లాగి పెట్టుకోండి. ఏది వదులుతుందో, ఏది వదలదో ఆ కాగితమే చెబుతుంది. అదే కాగితాన్ని నిలువునా సగం అట్టతో కప్పి, ఎండ తగిలే కిటికీకి రెండు మూడు నెలలు తగిలించండి. చవక పెట్టెల్లో గులాబి, ఊదా వెలిసిపోవడం మీ కళ్ళతో చూస్తారు.

బొమ్మ అయిపోయింది. ఇప్పుడు నిలపడం. పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రే దొరుకుతుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి, డబ్బాని ఆగకుండా కదిలిస్తూ కొట్టాలి. నొక్కడం కాగితం బయట మొదలవ్వాలి, కాగితం దాటాక వదలాలి, ఎందుకంటే మొదటి బొట్లే పెద్దవి. ఒకటి పల్చగా, ఆరనిచ్చి, ఇంకోటి పల్చగా. తడిసిపోయేలా కొడితే పొడి కొట్టుకుపోతుంది. ఇంకో సంగతి, ఫిక్సేటివ్ కొడితే రంగు కొంచెం ముదురుతుంది, లేత పొరలైతే దాదాపు మాయమవుతాయి. కారణం తెలుసా? పొడి రేణువుల మధ్య గాలి ఉంటుంది, ఆ గాలివల్లే వెలుగు చెదిరి అంత లేతగా, మెత్తగా కనిపిస్తుంది. ఫిక్సేటివ్ ఆ సందులు పూడుస్తుంది. అందుకే నా ఓటు: ఇంట్లో ఫ్రేము కట్టించుకునే బొమ్మకి కొట్టొద్దు, గ్రీటింగ్ కార్డులా చేతులు మారేదానికి కొట్టండి. వానపడే రోజు కొడితే తెల్లటి పొర కమ్ముతుంది, పొడి రోజు చూసుకోండి. ఆరుబయటే కొట్టండి, పొయ్యి దగ్గర ససేమిరా వద్దు, అది మండుతుంది. ఫిక్సేటివ్‌కి బదులు హెయిర్ స్ప్రే అని కొందరు చెప్తారు. కొన్నాళ్ళకి పసుపుగా మారుతుంది. వద్దు.

ఫ్రేములో అద్దం బొమ్మకి తగలకూడదు. మధ్యలో అట్ట చట్రం, ఫ్రేములవాళ్ళు మౌంటు అంటారు, పెట్టించండి. అద్దం బదులు యాక్రిలిక్ అనే ప్లాస్టిక్ పలక వేస్తామంటే ఒప్పుకోకండి. యాక్రిలిక్ తుడిస్తే దానికి విద్యుత్ పుట్టి పొడిని కాగితం మీదనుంచి లాక్కుంటుంది.

ఫ్యాను సంగతి ఇప్పుడు. పొడి సన్నగా ఉంటుంది కాబట్టి బల్ల మీదనుంచి లేస్తే గదంతా తిరుగుతుంది. కొన్ని వృత్తిదారుల రంగుల్లో కాడ్మియం, కోబాల్టు లాంటివి ఉంటాయి, పీల్చకూడదు. కొనేటప్పుడు పెట్టె మీద విషరహితం అన్న గుర్తు ఉందేమో చూడండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు మాస్కు పెట్టుకోండి, ఎన్95 అయితే మేలు, గుడ్డ మాస్కు ఆగదు. పని అయ్యాక చీపురుతో ఊడవొద్దు, తడిగుడ్డతో తుడవండి. పని మధ్యలో పకోడీలు తినొద్దు, రంగు నోట్లోకి పోతుంది, పకోడీ నూనె బొమ్మలోకి పోతుంది, రెండువిధాలా నష్టమే.

ఇక మీ ప్రశ్నలు.

బేబీ పౌడరు కలపొచ్చా అంటున్నారు. కలుపుతారు, జపాన్‌లోనూ కలుపుతారు. పొడి సాఫీగా సాగుతుంది, చారలు తగ్గుతాయి. కానీ రంగు పల్చబడుతుంది, కాగితం పట్టు కూడా తగ్గుతుంది, మీద ఇంకో పొర ఎక్కనివ్వదు. ఆకాశంలాంటి చోట, అదీ పాస్టెల్ పొడిలో నాలుగోవంతు మించకుండా కలపండి. టాల్కు కంటే మొక్కజొన్న పిండితో చేసినది చూసుకోండి, టాల్కు దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు.

పిల్లలకి ఏ వయసు నుంచి? నోట్లో వేళ్ళు పెట్టుకునే అలవాటు పోయాక. పొడి మీరే చేసి, చిన్న మూతల్లో పోసి ఇవ్వండి, బ్లేడు వాళ్ళ దగ్గర ఉంచొద్దు. కన్నాల అట్టలు కూడా మీరే కోసి ఇవ్వండి.

ఆ పక్కన అమ్మాయి, ఏంటమ్మా? స్కానర్లో పెట్టొచ్చా అనా? వద్దు. బొమ్మ అద్దానికి ఆనుతుంది, పొడి అద్దానికి అంటుతుంది, తర్వాత స్కాన్ చేసే ప్రతి కాగితం మీద నీ చందమామే వస్తుంది. కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడనిచోట పెట్టి పైనుంచి ఫోటో తియ్యి. ఫ్లాష్ వెయ్యకు.

చివరిది, కొరియర్లో పంపడం. బొమ్మ మీద బటర్ పేపరు ఒక్కటే, కదలకుండా నాలుగు మూలలా వెనకవైపుకి మడిచి అంటించాలి. కదిలితేనే అలుక్కుపోతుంది, తగిలితే కాదు. మామూలు తెల్లకాగితం పెట్టొద్దు, దాని గరుకుకి పొడి పట్టుకుంటుంది. రెండు అట్టల మధ్య బిగించి, చుట్టూ టేపు వేసి పంపండి. చుట్టలా చుట్టి గొట్టంలో పెట్టకండి, చుట్టిన కాగితం విప్పేటప్పుడు పొడి గీతలుగా పగులుతుంది. కొత్త ఐవరీ షీట్లు ఇక్కడ కోసి పెట్టి ఉన్నాయి, తలా ఒకటి తీసుకోండి. చేతులు కడుక్కుని రండి, ఆరాక.